సగం కక్కుర్తి

కక్కుర్తి అనే మాటకు అర్థం రాయమంటే మా బడిలో పిల్లలు 'ఆశ' అని రాసేవారు. నేను ఎర్ర సిరాతో కొట్టేసేదాన్ని. ఆశ అందరికీ ఉంటుంది. లోపల కూర్చుని ఉంటుంది. దాన్ని రెండు నిమిషాలు పట్టి ఉంచలేక, నలుగురు చూస్తారన్న ఇంగితం కూడా పోగొట్టుకుని చెయ్యి చాపితే అప్పుడది కక్కుర్తి అవుతుంది. అదీ చిన్నదాని కోసమే. రాజ్యాల కోసం ఎవరూ కక్కుర్తి పడరు. ఒక వడ కోసం, ఒక ప్లాస్టిక్ డబ్బా కోసం, ఎవరిదో మిగిలిన సబ్బు ముక్క కోసం పడతారు. దొంగతనానికి శిక్ష ఉంది, అది ఎప్పటికో తీరిపోతుంది. కక్కుర్తికి నవ్వు తప్ప శిక్ష లేదు, నవ్వుకు గడువు లేదు.

కలకత్తా గార్డెన్ రీచ్‌లో ఒక తెలుగు ప్రాథమిక పాఠశాలలో ఇరవై ఎనిమిదేళ్ళు పాఠాలు చెప్పాను. రేవులో మూటలు మోయడానికి వచ్చినవాళ్ళ పిల్లలు, ఆ పిల్లల పిల్లలు నా దగ్గర అక్షరాలు దిద్దారు. తరవాత తరం వాళ్ళు ఇంట్లో తెలుగు మాట్లాడతారు కానీ చదవలేరు. తెలుగు బడికి పంపడం మానేశారు. నేను ఉద్యోగం విరమించిన ఏడాదికే బడి మూతపడింది. మూసేటప్పుడు చెత్తలోకి పోతున్న నిఘంటువును నేను ఇంటికి తెచ్చుకున్నాను. అందులో కక్కుర్తికి అర వరుస కూడా ఇవ్వలేదు. రాసినాయనను ఎవరూ ఆ మాట అని ఉండరు.

ఆ మాటను వాడే పద్ధతి గురించి నిఘంటువుల్లో ఉండదు. మామగారు రెండోసారి, మూడోసారి అడిగి బూరె వేయించుకుంటే ఆయన భోజనప్రియుడు. చదువుకున్నాయన చక్కెర జబ్బు పెట్టుకుని రసగుల్లా మింగితే జిహ్వచాపల్యం. కోడలు పోపు డబ్బాలోంచి నాలుగు వేరుశనగ గింజలు నోట్లో వేసుకుంటే కక్కుర్తి. తనకంటే పైనున్నవాణ్ణి ఎవరూ ఆ మాట అనరు. ఏ ఇంట్లో ఎవరు ఎవరికి లోకువో తెలుసుకోవాలంటే ఆ ఇంట్లో కక్కుర్తి ఎవరిదో అడిగితే చాలు.

మా కింది వాటాలో ఉండే బెంగాలీ ఆవిడ తన భర్తను రోజూ 'పేటుక్' అంటుంది. తిండిపోతు అని. అంటూనే ఇంకో చేప ముక్క వడ్డిస్తుంది. వాళ్ళకూ ఒక చెడ్డ మాట ఉంది, 'హ్యాంగ్లా' అని. ఎదుటివాడి కంచం వంక ఆబగా చూసేవాణ్ణి అంటారు. కానీ ఆవిడ దాన్ని చేపల బజారులో పిల్లినీ అంటుంది, మనవణ్ణీ అంటుంది, సాయంత్రానికి మర్చిపోతుంది. మా తెలుగు సందులో ఎవరూ మర్చిపోరు. నేను అసలే మర్చిపోను.

నన్ను ఆ మాట అని నలభై ఒక్క ఏళ్ళయింది. అన్నవాళ్ళు ముగ్గురు. మా అత్త పోయింది. పక్కింటి ముసలమ్మ పోయింది. మూడో మనిషి మా ఆయన అక్క, నాకు వదిన. హౌరా పక్కన లిలువాలో, రైల్వే క్వార్టర్లలో కొడుకు దగ్గర ఉంటుంది. ఆవిడ చేత ఆ మాట వెనక్కి తీయించకుండా నేను పోకూడదని అనుకుంటూ వచ్చాను. నా సంగతి సరే, ఆవిడ పోకూడదు.

మాది శ్రీకాకుళం పక్క సముద్రపు ఒడ్డు ఊరు. మా ఆయన వాళ్ళదీ ఆ చుట్టుపక్కలే, వాళ్ళ నాన్న రేవులో పనికని వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మా ఆయన ఓడలు కట్టే చోట వెల్డరు. పెళ్ళయ్యాక నన్ను కలకత్తా పంపేటప్పుడు మా అమ్మ సారె పెట్టింది. మా వైపు సారెలో అరిసెలు సరిసంఖ్య ఉండకూడదు. నూరు అత్తవారి వీధికి, ఒకటి అమ్మవారికి. లెక్క రాసిన చీటీకి పసుపు బొట్టు పెట్టి డబ్బాలో పైన ఉంచుతారు. అత్తగారు పదిమంది ఆడవాళ్ళ ముందు మూత తీసి, చీటీ చదివించి, లెక్కపెట్టి, మొదటిది అమ్మవారి పటం దగ్గర పెట్టి మిగతావి ఇంటింటికీ పంచుతుంది. అప్పటిదాకా ఆ డబ్బా ఎవరూ ముట్టకూడదు. మా అమ్మకు రాయడం రాదు. చీటీ మీద 'నూటొకటి' అని గుండ్రంగా రాసింది నేనే.

రైలు సాంత్రాగాచి బయట ఆగిపోయింది. పొద్దున్నే హౌరాలో దిగాల్సినవాళ్ళం, ఎండ ఎక్కేదాకా ఆ పట్టాల మీదే ఉన్నాం. ముందురోజు మధ్యాహ్నం నుంచి నేనేమీ తినలేదు. కొత్త పెళ్ళికూతురు మగవాళ్ళ ముందు పొట్లం విప్పుకుని తినకూడదని ఇంట్లో చెప్పి పంపారు. తోడొచ్చిన మా మేనమామ పై బెర్తు మీద గురక పెడుతున్నాడు.

"ఆకలేస్తందేటి?" అని అడిగాడు మా ఆయన. పెళ్ళయ్యాక ఆయన నాతో మాట్లాడిన మూడో మాటో నాలుగో మాటో.

"లేదు," అన్నాను.

"నాకేస్తంది," అన్నాడు.

డబ్బాకు కట్టిన పురికొస విప్పాడు. ఒక అరిసె తీసి సగం తిన్నాడు. మిగిలిన సగం నా వైపు చాపాడు. మొగుడు మొట్టమొదటిసారి తన చేత్తో ఇచ్చినదాన్ని వద్దనాలా? తీసుకున్నాను. తిన్నాను. మా అమ్మ చేసిన అరిసె అంత తియ్యగా ఉందని నాకు అంతకుముందు తెలియదు. పురికొస మళ్ళీ కట్టింది నేనే.

ఈ సగం సంగతి ఇప్పటిదాకా నేను ఎవరికీ చెప్పలేదు. మా అమ్మాయికి కూడా. అందరికీ చెప్పింది ఒకటే, నేను ముట్టలేదని. ఇప్పుడు రాస్తున్నాను కనక ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. నాకు రావలసిన మాట సగమే. మిగిలిన సగం ఇంకొకరి వాటా. అదీ తెచ్చి నా నెత్తినే పెట్టారు. నా ఫిర్యాదంతా దాని గురించే.

ఆ సాయంత్రం మా అత్త ఇంట్లో ఆడవాళ్ళు చాప మీద చేరారు. నేను తల వంచుకుని గోడ వారన కూర్చున్నాను. అత్త లెక్కపెట్టింది. ఆగింది. మళ్ళీ మొదటినుంచీ లెక్కపెట్టింది.

"ఏటీ, నూరే ఉన్నాయి. సీటీలో నూటొకటని ఉన్నాదే. మీయమ్మకి నెక్కలు రావేటి?"

నేను ఏం చెప్పాలి? తినలేదంటే మా అమ్మ తప్పు లెక్క పెట్టిందని ఒప్పుకోవాలి. తిన్నామంటే ఎవరు విప్పారో చెప్పాలి. ఊరుకున్నాను.

పుట్టింటికి వచ్చి ఉన్న మా వదిన పకపకా నవ్వింది. "నెక్కలెందుకు రావమ్మా? పిల్లకి రైల్లో నోరాగనేదు. సల్లగా ఒకటి నోట్లో ఏసీసుకున్నాది. కక్కుర్తి!"

"కక్కుర్తి పడి అమ్మోరిదే తినీసినావేటే?" అంది అత్త. "అడిగితే పెట్టీదాన్ని కదే."

"పోన్లే అప్పా," అంది పక్కింటి ముసలమ్మ. "కక్కుర్తి కోడలు దొరికినాది. వంటింటికి తాళం కొనుక్కో."

నూటొకటిలో అమ్మవారిది ఏదో ఎవరు చెప్పగలరు? దాని మీద పేరు రాసి ఉందా? ఈ ప్రశ్న నాకు ఆ తరవాత వందసార్లు తోచింది కానీ ఆ రోజు తోచలేదు. మా ఆయన గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. ఆయన కాలి వేళ్ళు నాకు కనిపిస్తున్నాయి. అవి కాసేపు అక్కడే ఉండి, తరవాత వీధిలోకి వెళ్ళిపోయాయి.

ఏటా అమ్మవారి సంబరానికి మా సందులో కొళాయి దగ్గర టెంటు వేసి పంక్తి భోజనాలు పెడతారు. ఆడవాళ్ళందరూ వడ్డిస్తారు. ఎవరి చేతికి ఏ గిన్నె ఇవ్వాలో మా అత్త చెప్పేది, ఆవిడ తరవాత మా వదిన లిలువా నుంచి వచ్చి మరీ చెప్పేది. ఒకరికి బూరెలు, ఒకరికి పులిహోర, ఒకరికి పప్పు బకెట్టు. నాకు నీళ్ళ జగ్గు. పూర్ణం బూరెలు ఆ సందులో నా అంత బాగా ఎవరూ చెయ్యలేరు. తెల్లవారకముందే లేచి నూనె ముందు కూర్చునేది నేను. ఆ గిన్నె పట్టుకుని పంక్తిలో తిరిగేది ఇంకొకరు.

"దానికి నీళ్ళియ్యండి," అనేది మా వదిన. "నీళ్ళెన్ని తాగినా నెక్కలోకి రావు."

పంక్తంతా నవ్వేది. నేను గ్లాసులు నింపుకుంటూ పోయేదాన్ని. నవ్వినవాళ్ళు ఎవరెవరో, ఏ ఏడు ఎవరు ఎక్కడ కూర్చున్నారో అడగండి, చెప్తాను.

కడుపుతో ఉన్నప్పుడు మా సందు మలుపులో ఫుచ్కా, అదే పానీపూరీ, బండివాడు చింతపండు నీళ్ళు కలుపుతుంటే ఆ వాసన మేడ మీదికి వచ్చేది. నోరూరి కళ్ళ నీళ్ళు తిరిగేవి. అడగలేదు. అడిగితే ఆ మాట సిద్ధంగా ఉంటుంది. కింది వాటా ఆవిడ అప్పుడు నాలాగే కొత్త కోడలు. ఎలా కనిపెట్టిందో, ఒకరోజు ఆకు దొన్నెలో ఆరు ఫుచ్కాలు, విడిగా గ్లాసులో పులుపు నీళ్ళు పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. "ఖావ్ దీదీ, ఖావ్," అంది, తినక్కా అని. వద్దన్నాను. ఆవిడ మొహం చిన్నబుచ్చుకుని దిగిపోయింది. తలుపు వేసుకుని ఏడ్చాను. ఆ తరవాత చాలా ఏళ్ళు ఆవిడ నాకేమీ తేలేదు. ఆ నష్టం కూడా నేను మా వదిన ఖాతాలోనే వేశాను.

అరిసె మళ్ళీ ముట్టలేదు. బడిలో పుట్టినరోజు పిల్లలు ఇచ్చిన చాక్లెట్లు సొరుగులో పడేసి, నెల చివర వాళ్ళకే పంచేదాన్ని. మా పెద్ద పంతులమ్మ ఒకసారి అంది, "ఎంత నిగ్రహమండీ మీకు!" నిగ్రహం ఉన్నవాళ్ళు ప్రశాంతంగా ఉంటారని పుస్తకాల్లో రాస్తారు. నాకు పళ్ళు బిగపట్టి బిగపట్టి దవడ నొప్పి వచ్చింది.

మా ఆయనను రెండేళ్ళకో మూడేళ్ళకో ఒకసారి అడిగేదాన్ని.

"మీ అమ్మతో ఒక్క మాట చెప్పకూడదా?"

"ఏటి సెప్పాల?"

"అరిసె సంగతి."

"ఒగ్గీయే. ఎప్పుడో మరిసిపోనారు."

"నీళ్ళ జగ్గు మర్చిపోలేదే?"

"నీళ్ళు పొయ్యడం పున్నెం," అనేవాడు. అని చొక్కా తగిలించుకుని పాన్ దుకాణానికి పోయేవాడు.

చెడ్డవాడు కాదు. తాగడు, కొట్టడు, జీతం తెచ్చి చేతిలో పెడతాడు. ఒక్క వాక్యం మాత్రం ఆయన నోట్లోంచి రాలేదు. ఆరేళ్ళ కిందట ఆస్పత్రిలో చివరి రోజున మా అమ్మాయి మందుల కోసం కిందికి వెళ్ళినప్పుడు, మంచం పక్కన నేనొక్కదాన్నే ఉన్నప్పుడు, వంగి అడిగాను, "ఏమైనా చెప్పాలా?" అని. పెదవులు కదిలాయి. చెవి దగ్గర పెట్టి విన్నాను.

"నీళ్ళు," అన్నాడు.

పోశాను. నాకు అలవాటైన పనే.

పోయిన శీతాకాలం మా అమ్మాయి భవానీపూర్ నుంచి ఫోను చేసింది. అక్కడే అద్దెకుంటూ ఆఫీసుకు వెళ్తుంది. నెలకోసారి వస్తుంది, వచ్చినప్పుడల్లా గడియారం చూసుకుంటుంది.

"అమ్మా, లిలువా అత్తకి మతిమరుపు వచ్చిందట. మనుషుల్ని పోల్చుకోవడం లేదట. ఓసారి చూసి రారాదూ?"

అప్పటికప్పుడు బయల్దేరాలనిపించింది. జాలితో అనుకుంటే పొరపాటు. ఆ మాటను వెనక్కి తీసుకోగలిగిన మనిషి భూమ్మీద ఒక్కతే మిగిలింది, ఆవిడ కూడా మర్చిపోతే ఇక నేను ఎవరిని అడగను?

"అరిసె విషయం గుర్తుందో లేదో," అన్నాను.

"అబ్బా అమ్మా! మళ్ళీ అదేనా? అయినా ఎవరికి కావాలి ఇప్పుడది?"

"నాకు కావాలి."

మర్నాడే బియ్యం నానబోశాను. నలభై ఒక్క ఏళ్ళుగా చెయ్యని అరిసెలు చేశాను. కోర్టుకు వెళ్ళేవాళ్ళు కాగితాలు పట్టుకెళ్తారు, నా దగ్గర ఉన్న రుజువు ఇదొక్కటే. దుకాణంవాడు శీతాకాలం కదా అని ఖర్జూర బెల్లం అంటగట్టబోయాడు. "నలేన్ గూడ్, మాషీమా, ఒక్కసారి వాసన చూడండి," అని ముక్కు కింద పెట్టాడు. వాసన బాగానే ఉంది. చెరకు బెల్లమే కావాలన్నాను. పాకం నీళ్ళలో వేసి ఉండ కట్టి చూశాను. నువ్వులు అద్దాను. ఇరవై ఒకటి. చీటీ రాసి పసుపు బొట్టు కూడా పెట్టాను. బస్సులో హౌరా, అక్కడి నుంచి లోకల్ రైలు. లిలువా మొదటి స్టేషనే. డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అనవలసిన వాక్యాలు మనసులో రెండుసార్లు చదువుకునేలోపు రైలు ఆగింది.

తలుపు తీసింది వదిన కోడలు. వదిన కిటికీ దగ్గర కుర్చీలో ఉంది. ఎత్తుగా, ఎముకల గూడులా, ఇప్పటికీ వీపు నిటారుగానే.

"ఎవులూ?"

"నేనొదినా."

తేరిపార చూసింది. "బడి మానీసి ఇలగొచ్చీసినావేటి? జీతం కోసెయ్యరా?"

"బడి మూసేశారు వదినా. నాలుగేళ్ళయింది."

"నువ్వు సెప్పిన సదువుకి మూసీక ఏటి సేత్తారు," అంది. ఆ ఒక్క మాటతో నాకు ధైర్యం వచ్చింది. మనిషి ఇంకా లోపలే ఉంది.

కోడలు నన్ను వంటింట్లోకి పిలిచి టీ ఇచ్చింది. గొంతు తగ్గించి చెప్పింది. "ఒక్కోసారి బాగానే ఉంటారు పిన్నీ. ఒక్కోసారి అందరూ కలిసిపోతారు. మొన్న నన్ను ఆవిడ అత్తగారనుకుని కాళ్ళకి దండం పెట్టారు."

"పోనీ, అదైనా దక్కింది నీకు."

నవ్వింది పాపం. నవ్వి, కళ్ళు తుడుచుకుంది. "షుగరు బాగా ఎక్కువుంది పిన్నీ. డాక్టరు గట్టిగా చెప్పారు. వింటేనా? పాప పాలపొడి డబ్బాలో చెయ్యి పెట్టి బుక్కేస్తారు. వద్దంటే పాపనే కొట్టారు. చెప్పుకుంటే సిగ్గు కానీ ఇంత కక్కుర్తి మనిషిని నేనెక్కడా చూళ్ళేదు."

ఆ మాట ఆ ఇంట్లో, ఆవిడ మీద పడడం నేను చెవులారా విన్నాను. అబద్ధమెందుకు, సంతోషమే వేసింది. ఆ సంతోషం రెండు గుక్కల టీ వరకూ ఉంది. మూడో గుక్కకి ఇంకేదో అనిపించింది. ముందుగదిలో కూర్చున్నావిడ మా అత్త కూతురు. ఆ మాటను ఎవరి మీద వేయాలో ఇల్లిల్లూ తిరిగి చెప్పిన మనిషి. ఇప్పుడు ఆవిడే అందరికీ లోకువైపోయింది.

కోడలు నా డబ్బా చూసి కంగారు పడింది. చీటీ చదివి, అరిసెలు లెక్కపెట్టి, "ఇరవై ఒకటి," అని పైకే అని ఫ్రిజ్ మీద పెట్టింది. "ఏమనుకోకండి పిన్నీ, లెక్క లేకపోతే ఈవిడతో కష్టం." పాపను బడి నుంచి తీసుకురావడానికి వెళ్తూ, "ఒక్క అరగంట చూస్తూ ఉండండి," అని చెప్పి వెళ్ళింది.

నేను వదిన ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"వదినా, సారె డబ్బా గుర్తుందా? నేను కొత్తగా వచ్చినప్పటిది."

"నూటొకటి," అంది వెంటనే.

"ఒకటి తక్కువొచ్చింది. నువ్వు నన్ను కక్కుర్తన్నావు. నేను తినలేదు వదినా. మీ తమ్ముడు తిన్నాడు."

"తెల్సు," అంది.

నేను అనవలసిన వాక్యాలు ఇంకా చాలా ఉన్నాయి. ఒక్కటీ గుర్తు రాలేదు.

"ఏం తెలుసు?"

"ఆడు తిన్నాడని. గుమ్మంలోకి రాగానే సూసినాం. మీసాలకి నువ్వులంటుకున్నాయి. మాయమ్మ గబగబా ఎళ్ళి కొంగుతో తుడిసీసినాది, నలుగురూ సూస్తారని. సాయంత్రం ఏటీ ఎరగనట్టు డబ్బా మూత తీసినాది."

"మరి నన్నెందుకన్నారు?"

వదిన నన్ను తెలివితక్కువదాన్ని చూసినట్టు చూసింది. "ఆడిననగలమేటే? పెళ్ళికొడుకు. పెళ్ళాన్ని అట్టుకుని ఇంటికొచ్చిన రోజు. డబ్బాలో ఒకటి తక్కువుంటే ఎవుల్నో ఒకల్ననాల గదా. నువ్వున్నావు." నా వైపు వేలు చూపి, "నువ్వైనా నేదననేదు," అంది.

అదొక్కటే ఆవిడ నన్ను పట్టుకున్న చోటు. కడుపులో సగం అరిసె పెట్టుకుని లేదని ఎలా అనను? అయినా తగ్గలేదు.

"నలభై ఏళ్ళు నీళ్ళు పోయించారు వదినా నా చేత. ఇప్పుడైనా తప్పని చెప్పు."

"తప్పే. ఎవులికి సెప్పాల? అందరూ పోనారు." కిటికీ వైపు చూసింది. బయట పట్టాల మీద ఇంజిను అటూ ఇటూ పెట్టెలు మారుస్తోంది. "ఎవుల్నైనా తీసుకురా, సెప్తాను."

తీసుకురావడానికి నాకెవరున్నారు?

నేను లేచి వంటింట్లోకి వెళ్ళాను. కొళాయి తిప్పి మొహం కడుక్కున్నాను. కాసేపు అక్కడే గట్టు పట్టుకుని నిలబడ్డాను. నా మొహం నా వశంలోకి వచ్చేసరికి కొంత సేపు పట్టింది. తిరిగి వచ్చేసరికి వదిన ఫ్రిజ్ దగ్గర నిలబడి ఉంది. ఎత్తు మనిషి, చెయ్యి సులువుగా అందింది. రెండు దవడలూ నిండి ఉన్నాయి. కళ్ళు మూసుకుని నములుతోంది. అంత తృప్తిగా ఎవరైనా నేను చేసినదాన్ని తినడం ఎప్పుడు చూశానో గుర్తు లేదు. ఆపమనాలి. డాక్టరు చెప్పాడన్న మాట నాకు తెలుసు. కాళ్ళు కదిలి నేను దగ్గరికి వెళ్ళేలోపే మింగేసింది.

వీధి తలుపు చప్పుడైంది. వదిన గబుక్కున వచ్చి కుర్చీలో కూర్చుంది. కోడలు పాప బ్యాగు బల్ల మీద పెట్టి, మూత సరిగా లేదని చూసి డబ్బా దించింది. వేలితో లెక్కపెట్టింది.

"ఇరవయ్యే ఉన్నాయి."

వదిన గడ్డం నా వైపు ఆడించింది. "నన్నేటి సూస్తావు? దాన్నడుగు. దానికి మొదట్నుంచీ కక్కుర్తి."

మర్చిపోయి అందో, అలవాటుగా అందో, నన్ను అంటే తన మీదినుంచి పోతుందని తెలిసే అందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. ఆవిడ గడ్డం మీద రెండు నువ్వులున్నాయి. కోడలు మళ్ళీ లెక్కపెట్టడానికి డబ్బాలోకి చూసింది. ఏం చేస్తున్నానో తెలియకుండానే వంగి కొంగుతో తుడిచేశాను.

"నేనేనమ్మా," అన్నాను. "పొద్దున్న ఏమీ తినకుండా వచ్చాను."

కోడలు నాలుక కరుచుకుంది. "అయ్యో పిన్నీ! అడిగితే పెట్టేదాన్ని కదా."

మా అత్త అన్న మాటే. యాస తప్ప ఏమీ మారలేదు.

అసలు సంగతి కోడలికి చెప్పకుండా ఉండలేను కదా, షుగరు మనిషి. వెళ్ళేటప్పుడు మెట్ల దగ్గర, "ఇవాళ మాత్ర మర్చిపోకుండా వెయ్యమ్మా. ఒకవేళ నేను చూడనప్పుడు ఒకటి తిని ఉంటే," అన్నాను. ఆ అమ్మాయి నా మొహం చూసి తల ఊపింది. ఇరవై అరిసెలూ డబ్బాతో సహా నాకే ఇచ్చేసింది, ఇంట్లో ఉంచితే ప్రమాదమని. లోకల్ రైల్లో డబ్బా మళ్ళీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. వెళ్ళేటప్పుడు నా మీద ఉన్న మాటలో సగం నాది కాదు. వచ్చేటప్పుడు ఇంకొకటి పూర్తిగా నాదిగా తెచ్చుకున్నాను, అదీ నా నోటితో ఒప్పుకుని.

ఇంటికి వచ్చి డబ్బా వంటింటి గట్టు మీద పెట్టాను. రెండు రోజులు అక్కడే ఉంది. రెండుసార్లు లెక్కపెట్టాను, ఊరికే. ఇరవై. తగ్గించేవాళ్ళు లేరు, పెరగవు. మూడో రోజు పది తీసి కింది వాటా ఆవిడకు ఇచ్చాను. "ఇన్నేళ్ళకా దీదీ!" అని అక్కడే మెట్ల మీద నిలబడి ఒకటి కొరికింది.

మర్నాడు పొద్దున్నే ఫోను మోగింది. కోడలు డయలు చేసి వదినకు ఇచ్చినట్టుంది.

"ఒలే పిల్లా, నిన్ను సూసి ఎన్నేళ్ళయిందే! ఇటేపు రానే రావు. వచ్చినప్పుడు అరిసెలట్టుకురా. ఇక్కడెవులూ సేసి పెట్టరు."

"మొన్న వచ్చాను కదొదినా."

"మొన్నా? నానెక్కడికెళ్ళినాను మరి?"

కిటికీ దగ్గర ఆవిడ చెప్పినదంతా, మీసాలూ నువ్వులూ, మా అత్త కొంగు, తప్పేనని ఒప్పుకున్న మాట, అన్నీ పోయాయి. విన్నదాన్ని నేనొక్కదాన్నే. ఫిర్యాదుదారు సాక్ష్యం ఎవరు నమ్ముతారు?

పంతం ఆగదు కదా, మళ్ళీ అడిగాను. "వదినా, సారె డబ్బాలో అరిసె ఎవరు తిన్నారు?"

"నువ్వే గదే," అంది, నిన్ననే జరిగినట్టు. "సిన్నపిల్లవి. అంత అరిసె ఒక్కదానివీ ఎలగ తినీసినావే?"

ఆ గొంతులో ఎగతాళి లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడుగుతోంది.

"ఒక్కదాన్నీ తినలేదు వదినా," అన్నాను. "సగం."

నా నోటితో ఆ మాట బయటికి రావడం అదే మొదలు.

"సగమేటి? మిగతా సగమేటయినాది?"

"మీ తమ్ముడు తిన్నాడు."

ఫోనులో నవ్వు వినిపించింది. చాప మీద కూర్చుని నవ్విన నవ్వే, కాకపోతే ముసలిదైంది. "ఆడా! ఆడికి సిన్నప్పట్నుంచీ కక్కుర్తే!"

నలభై ఒక్క ఏళ్ళుగా ఎదురుచూసిన మాట. సగం మాట వెళ్ళి సరైన మనిషి మీద పడింది. నేను వంటింట్లో చుట్టూ చూశాను. గోడకు ఆయన ఫోటో ఉంది, దండకు దుమ్ము పట్టింది. వదిన ఇంకా నవ్వుతోంది. నాకు ఒళ్ళు మండింది.

"అలా అనకొదినా," అన్నాను. "ఆకలేసింది ఆయనకి. సాంత్రాగాచి దగ్గర రైలు చాలాసేపు ఆగిపోయింది."